జరిపోగు చెప్పిన సాక్ష్యం

మా వీధిలో నలుగురిని ఆస్పత్రి పాలు చేసింది నేనేనని ధర్మవరంలో కొంతమంది ఇప్పటికీ అనుకుంటారు. అనుకోనీ. వాళ్ల నోళ్లు మూయించాలని నేనిది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని రాస్తున్నాను. నా తప్పు ఇందులో లేకపోలేదు. కానీ అది వాళ్లు చెప్పే తప్పు కాదు.

ముందు మా అవ్వ గురించి చెప్పాలి. అవ్వ అంటే నాయనను కన్న తల్లి. లేపాక్షి దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. మాదీ మగ్గం కులమే గానీ తాత కాలానికే మగ్గం పోయి కూలిపని మిగిలింది. అవ్వ శనక్కాయ చేలలో కలుపు తీసేది. రైతు పీకి గట్టున పారేయమన్నదాన్ని ఏరి కొంగులో కట్టుకొచ్చేది. గురుగాకు, చెంచలాకు, తుమ్మాకు, దొగ్గలాకు అన్నీ కలిపి పప్పులో వేసి పప్పుగుత్తితో ఎనిపేది. ఆ పప్పు ముందు ఇప్పటి పాలకూర పప్పు ఎందుకూ పనికిరాదు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "చేను ఆయప్పది, కలుపు నాది" అనేది. అడిగినవాళ్లు మళ్లీ అడిగేవాళ్లు కారు.

పెద్ద ఉరుములు ఉరిమి వాన పడిన మూడోనాడు పొద్దున్నే నన్ను లేపేది. ఎక్కడికని అడగకూడదు. పళ్లు కూడా తోముకోకుండా ఆమె వెనక నడవాలి. చేల గట్లు దాటి, బండల పక్కన, తంగేడు పొదల నడుమ ఒక చెదల పుట్ట ఉండేది. పుట్ట మీద తెల్లగా, నడినెత్తిన బూడిద రంగు ముచ్చికతో గొడుగులు లేచి ఉండేవి. హిందూపురం పక్క కన్నడం కలిసిన పల్లె కాబట్టి మా అవ్వ వాటిని ఒకసారి పుట్టగొడుగులనేది, ఒకసారి అణబెలనేది.

మొదటిసారి చూసినప్పుడు నేను అరిచి వేలు చూపించబోయాను. అవ్వ టక్కున నా చెయ్యి కిందికి కొట్టింది.

"యేలు చూపిచ్చద్దు మే! యేలు చూపిస్తే సిగ్గుపడి లోపలికి పోతాది. మళ్లేడు ఈడ లేవదు."

"మరి ఎట్ల చూపించేది?"

"చూపిచ్చేది ఎందుకు? కండ్లు లేవా నీకు? చూసుకో."

అవ్వ లాగేది కాదు. పుల్లతో పక్కనుంచి నిదానంగా తవ్వేది. గొడుగు కింద కాడ, కాడ కింద సన్నటి వేరు, ఆ వేరు జానెడు, ఒక్కోసారి మూరెడు, పుట్ట లోపలికి దిగిపోయేది. దాన్ని తెగకుండా బయటికి తీసి నా అరచేతిలో పెట్టేది.

"ఈ యేరు చూసినావా? ఇది సెదలింటికి పోతాది. యేరు దొరికితే మనది. యేరు లేకుంటే అది ఎంత సొగసుగున్నా మోసపోవద్దు. కాడకు కడియం ఏసుకున్నేది ఉంటాది, దాన్ని అసలుకే ముట్టుకోవద్దు. తెల్దంటే తెల్దని వదిలేసి రావల్ల. తెలిసినట్టు నటించి తింటే సస్తావు."

బాగా విచ్చుకున్న గొడుగులను తీయనిచ్చేది కాదు. అవి ముసలివాళ్లట, ఇల్లు కనిపెట్టుకుని ఉండాలట. అన్నిటికన్నా పెద్ద కట్టడి ఒకటుండేది. ఏ పుట్టో ఎవరికీ చెప్పకూడదు. "మీ అమ్మకు గూడా" అనేది, కళ్లు పెద్దవి చేసి. నేను చెప్పలేదు. మా అమ్మ ఎన్ని విధాల అడిగినా చెప్పలేదు. ఆ గుట్టు నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ గర్వమే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

ఇంట్లో వాటిని వండేటప్పుడు అవ్వ ఏ పరీక్షా పెట్టేది కాదు. ఉల్లిగడ్డ, తెల్లగడ్డ, మిరప్పొడి, ఉప్పు, అంతే. పరీక్ష పుట్ట దగ్గరే అయిపోయేది.

హిందూపురంలో డిగ్రీ చేరాను. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. వృక్షశాస్త్రం తీసుకున్నాను. నా తరగతిలో సగం మందికి వేరే ఏదీ దొరక్క అది దొరికింది. నేను మాత్రం కావాలని తీసుకున్నాను. శిలీంధ్రాల పాఠం వచ్చింది. రొట్టె మీద బూజు బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, రికార్డులో సంతకం పెట్టించుకోవడంతో అయిపోయింది. నాకు కడుపు మండింది. లేచి నిలబడి, "మా ఊరి పుట్టగొడుగులు ఇందులో ఎక్కడున్నాయి మేడం?" అని అడిగాను.

"సిలబస్‌లో లేవమ్మా," అంది మేడం. తరగతి అంతా నవ్వింది. గంట కొట్టాక ఆమె నన్ను పిలిచి, "సిలబస్‌లో లేవు, తెచ్చి చూపించు," అంది. ఆ రెండో మాట అనకపోయి ఉంటే నేను ఈ రోజు ఏ బూజు బొమ్మలతోనో సరిపెట్టుకుని ఉండేదాన్ని.

తెచ్చాను. ఎక్కడివని అడిగితే, "చెప్పకూడదు మేడం," అన్నాను. మళ్లీ నవ్వులు. ఆమె నవ్వలేదు. గొడుగును కాడ నుంచి కోసి, తెల్లకాగితం మీద బోర్లించి, దాని మీద గాజు గ్లాసు మూసింది. మర్నాడు పొద్దున గ్లాసు ఎత్తి, గొడుగు తీసి చూపించింది. కాగితం మీద లేత గులాబీ పొడి, గొడుగు కింది రెక్కలు గీతలు గీసినట్టుగా పడి ఉంది. విత్తనాల లాంటివి ఇవి, ఒక్కొక్కటిగా కంటికి కనిపించవు, ఇన్ని కలిసి పడితే రంగు బయటపడుతుంది, ఒక్కో జాతిది ఒక్కో రంగు అని చెప్పింది. చెదలు ఎండుగడ్డీ పుల్లలూ నమిలి, పుట్ట లోపల మడి కట్టి, ఈ శిలీంధ్రాన్ని పెంచుకుంటాయని కూడా ఆమె చెప్పింది. వెండి బిళ్ల వేసి నల్లబడితే విషమని చూసే పరీక్ష ఉత్త బూటకమని, తెల్లగడ్డ పడినా వెండి నల్లబడుతుందని ఆ రోజే చెప్పింది. ఈ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకున్నాను. గుర్తుంచుకుని ఏం చేశానన్నదే అసలు సంగతి.

చెదలు సేద్యం చేస్తాయని అవ్వకు చెప్తే ఆమె వక్కాకు నములుతూ కాసేపు ఆలోచించింది.

"అయితే ఆడ గూడా వాళ్లు రైతులు, మనం కూలోళ్లమేనా!" అని పకపకా నవ్వింది.

ఇంకొక రోజు, మన వంకల నిండా పెరిగిన సర్కారు తుమ్మ మన దేశపు చెట్టే కాదని చెప్పాను. అది వచ్చినప్పుడు తాను చూశానని, తన చిన్నతనంలో ఆ వంకలో కలివి పొదలూ బలుసు చెట్లూ ఉండేవని ఆమె నాకే పాఠం చెప్పింది. పుస్తకంలో చదివి నేను ఆమెకు నేర్పబోయిన ప్రతిసారీ ఇలాగే అయ్యేది. నా పెళ్లికి ముందు సంవత్సరం అవ్వ చనిపోయింది. పుట్టల గుట్టు ప్రపంచంలో నా ఒక్కదాని దగ్గరే మిగిలింది.

ధర్మవరంలో మా అత్తగారిల్లు రెండు మగ్గాల ఇల్లు. మా ఆయన ఒక మగ్గం మీద, మామ ఒక మగ్గం మీద పట్టుచీరలు నేస్తారు. అత్త రాట్నం తిప్పుతూ పట్టు దారాన్ని కండెలకు చుడుతుంది. నేనూ చుట్టడం నేర్చుకున్నాను. ముందు నా వేళ్లు తెగాయి, తర్వాత పోగులు తెగాయి, ఆ తర్వాత ఏదీ తెగలేదు. మా ఆడబిడ్డను పెనుకొండలో ఇచ్చారు. ఆమె ఇల్లు కొండ కిందే. ధర్మవరం నుంచి రైలెక్కితే పోవచ్చు. ఆ మొదటి వానాకాలం ఆడబిడ్డను చూసే నెపంతో వెళ్లి, కొండ కింద బండల పక్కన ఒక పుట్టను పట్టేశాను. అచ్చం అవ్వ పుట్టలాంటిదే. తవ్వి, వేరు చూసి, తువ్వాలులో కట్టుకుని ఇంటికి తెచ్చాను. మా అత్తకు నేను ప్రేమగా వండిన మొదటి కూర అది.

పొయ్యి మీద ఉడుకుతుండగా అత్త వచ్చి మూత తీసింది. "కుక్కగొడుగులా? కూలోళ్ల తిండి" అని ముఖం మాడ్చుకుంది. ఆ తర్వాత మగ్గం దగ్గరికి పోయి, జరి కండె నుంచి వేలెడంత పోగు తెంపుకొచ్చి కూరలో వేసింది.

"ఏందత్తా అది?"

"మా అత్త నేర్పిచ్చింది. జరి ఎండిది గదా. ఇసముంటే నల్లగయితాది. మెరస్తాంటే తినొచ్చు."

పోగు నల్లబడింది. అత్త కూరంతా తీసుకుపోయి కాలువలో పారబోసి, గిన్నెను బూడిదతో మూడుసార్లు తోమింది. కొడుకుతో, "నీ పెండ్లాం మనల్నందర్నీ సంపుతాండె, జరి కాపాడింది," అంది. మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. కోపం కాదు, అనుమానం.

నాకు అన్నీ తెలుసు. ఆ జరి వెండిది కాదని తెలుసు, అందులో రాగి ఉందని తెలుసు. తెల్లగడ్డ వేశానని తెలుసు. మేడం చెప్పిన మాట తెలుసు. అయినా నోరు మెదపలేదు. కొత్త కోడలు మాట్లాడకూడదని ఎవరూ నాకు చెప్పలేదు, నాకే భయమేసింది. పైగా గుట్టు దాచుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటైపోయింది. తెలిసినవాళ్లకు తెలుస్తుంది, తెలియనివాళ్ల ఖర్మ అనుకున్నాను. ఇదే నా తప్పు. ఒప్పుకుంటున్నాను.

తర్వాతి సంవత్సరాల్లో పుట్టగొడుగులు ఇంటికి తేలేదు. కొండకు పోవడం మాత్రం మానలేదు. చెంచలాకు తెచ్చి, పాలకూరని చెప్పి, మా అత్తకు పప్పు పెట్టాను. ఆమె రెండుసార్లు వడ్డించుకుంది. గొడుగులు దొరికిన రోజు ఆడబిడ్డ ఇంట్లోనే వండుకుని, ఇద్దరం తిని, గిన్నె కడిగేసి, నేను రైలెక్కేదాన్ని. నవ్వు కూడా వచ్చేది. దొంగతనంగా కూర తినే కోడలు మా వీధిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కిందటేడు వానలు బాగా పడ్డాయి. మా ఇళ్ల వెనక ఖాళీ స్థలంలో ఎవరివో ఎనుములు కట్టేస్తారు. పేడకుప్పల పక్కన గడ్డి మొలిచింది, ఆ గడ్డిలో పళ్లెమంత వెడల్పు తెల్లటి గొడుగులు గుంపుగా లేచాయి. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నాయో! ఆ రోజు నేను పెనుకొండకు పోయి ఉన్నాను. పక్కింటి వదిన వాటిని ఒడినిండా కోసుకుని, నాకు గొడుగుల సంగతి తెలుసని విని ఉంది కాబట్టి, నన్ను అడుగుదామని మా ఇంటికి వచ్చింది. నేను లేను. అత్త ఉంది. కండె నుంచి ఒక జరిపోగు తెంపి వదిన చేతిలో పెట్టి, "కూరలో ఏసి చూడు, మెరస్తాంటే తినండి," అంది.

అప్పటికి మా ఇంట్లో చవక చీరలకు ప్లాస్టిక్ జరి వాడుతున్నారు. వదిన దాన్ని కూరలో వేసి మరిగించి, తీసి చూసింది. ధగధగా మెరిసింది. మధ్యాహ్నం వదిన, ఆమె భర్త, ఆమె అమ్మ, మరిది, నలుగురూ కడుపునిండా తిన్నారు. మూడు గంటలకల్లా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. వీధివాళ్లు ఆటోలలో ఆస్పత్రికి చేర్చారు.

నేను సాయంత్రం స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కగానే ఆటో ఆయనే చెప్పాడు: "ఏమక్కా, మీ వీధిలో కుక్కగొడుగులు తిని నలుగురు ఆస్పత్రిలో పండుకున్నారంట గదా!" ఆ రోజు ఆడబిడ్డ ఇంట్లో లేక, పారేయబుద్ధి కాక, వండకుండానే తెచ్చేసిన పుట్టగొడుగులు నా ఒళ్లో తువ్వాలు మూటలో ఉన్నాయి. అవి బరువెక్కినట్టు అనిపించింది.

ఇంటికి పోకుండా నేరుగా వెనక స్థలానికి పోయి మిగిలిన గొడుగులలో రెండిటిని కాడతో సహా పెరికి చూశాను. వేరు లేదు. కాడకు ఉంగరం, వేలితో జరిపితే కిందికీ పైకీ జరుగుతోంది. అవ్వ చెప్పిన కడియం. ఒకటి పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తి డాక్టరుకు చూపించాను. ఆయన చూసి, సెలైన్ పెట్టాం, భయం లేదు, ఒంట్లో నీళ్లు పోకుండా చూసుకోవాలి, అన్నాడు. మర్నాటికి నలుగురూ తేరుకున్నారు. వదిన నీరసంగా నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ, అత్త ఇచ్చిన జరిపోగు సంగతి చెప్పింది గానీ నన్ను ఏమీ అనలేదు.

అన్నవాళ్లు వేరే ఉన్నారు. వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో వాయిస్ పెట్టారు. ఆ ఇంటి కోడలే ఈ అడవి తిండి అలవాటు చేసిందని, ఆ ఇంట్లోనే పరీక్ష చేయించుకుని తిన్నారని. మా ఇంట్లో పరీక్ష చేసింది నేనేనని అందరూ అనుకున్నారు. అత్త నోరు విప్పలేదు. నేను ఆమె వైపు చూస్తే కండెలు చుడుతూ తల దించుకుంది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అయినా ఆమె పేరు నా నోటితో చెప్పకూడదనుకున్నాను. మంచితనం కాదది. ఆమె చేత చెప్పించాలన్న పట్టుదల.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి సాయంత్రమే ఒక పని చేసి ఉంచాను. మామ చీరల డిజైన్లు గీసే గళ్ల కాగితం రెండు ముక్కలు చింపాను. ఒకదాని మీద నా పుట్టగొడుగు, ఇంకోదాని మీద పేడకుప్ప గొడుగు కోసి బోర్లించి, స్టీలు గ్లాసులు మూసి, బియ్యం డబ్బాల వెనక పెట్టాను.

ఆదివారం పొద్దున మా ఇంటి ముందు గదిలో వీధి పెద్దలు అయిదారుమంది కూర్చున్నారు. అందరూ నేసేవాళ్లే. వదిన కూడా గోడకు ఆనుకుని కూర్చుంది. పెద్దాయన ఒకడు గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, జరిగింది జరిగిపోయినాది. ప్రాణాలు పోలేదు, అది మేలు. మగ్గం మీద చెయ్యి పెట్టి ఒక మాట చెప్పు. ఇంక మీదట కొండకు పోను, అడవి వస్తువు ఏదీ గడప లోపలికి తేను అని. అంతే, అయిపోతాది."

మా ఇళ్లలో మగ్గం మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట తప్పరు. తప్పితే ఆ మగ్గం మీద చీర సరిగ్గా దిగదని నమ్మకం. నేనూ నమ్ముతాను. అందుకే ఆ మాట అనలేను. మా ఆయన మెల్లగా, "అనెయ్ మే, అయిపోతాది గదా," అన్నాడు. ఆ ఒక్క మాట అంటే నా అవ్వ పోతుంది, మేడం పోతుంది, పెనుకొండ కొండ పోతుంది. నలుగురికి విషం పెట్టినది నేనేనని నా చేత్తోనే సంతకం పెట్టినట్టవుతుంది. నేను దేనికి సంతకం పెట్టాలి?

"చెప్తా. ముందు మీరొకటి చూడల్ల," అన్నాను.

గళ్ల కాగితాలు తెచ్చి నేల మీద పరిచాను. ఒకదాని మీద లేత గులాబీ గీతలు. రెండోదాని మీద ఆకుపచ్చ పొడి. మామ వంగి చూశాడు. పట్టు రంగుల విషయంలో మా మామ మాట మీద మా వీధిలో ఎవరూ మాట ఎత్తరు. పదిమందిలో పది మాటలు మాట్లాడని మనిషి.

"ఇది చిలకపచ్చ గాదు, ఆకుపచ్చ గాదు. పాచిపచ్చ. ఇది లేత గులాబి. ఈ రెండూ ఒకటి కావప్పా," అన్నాడు.

"తెల్లగున్నేవన్నీ ఒకటే అని తిన్నారు. ఇది ఆ స్థలంలోది, ఇది పుట్టది. నేను తెచ్చేది ఎప్పుడూ పుట్టదే," అన్నాను.

పెద్దాయన ఒప్పుకోలేదు. "రంగులు సరేనమ్మా. జరి ఏసి చూసినారు గదా? జరి మెరిసింది గదా?"

ఆ మాట కోసమే నేను కాచుకుని ఉన్నాను. లోపలికి పోయి మూడు పోగులు తెచ్చాను. ఒకటి అత్త పెళ్లిచీర అంచు నుంచి రాలిన పాత వెండి జరి. ఒకటి రాగి జరి. ఒకటి ప్లాస్టిక్ జరి. గ్యాస్ పొయ్యిని గుమ్మం దగ్గరికి లాగి, గిన్నెలో నీళ్లు, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ వేసి మరిగించాను. గొడుగు ముక్క ఒక్కటి కూడా వేయలేదు. మూడు పోగులూ వేశాను. వెండిది నల్లబారింది. రాగిది మాడినట్టయింది. ప్లాస్టిక్‌ది మెరుస్తూనే ఉంది. తర్వాత వేరే పాత గిన్నెలో ఆ పేడకుప్ప గొడుగు ముక్కతో ప్లాస్టిక్ జరి వేశాను. అదీ మెరిసింది. ఆ గిన్నెనూ కూరనూ తర్వాత తీసుకుపోయి గుంత తవ్వి పూడ్చేశాను.

"ఉత్త తెల్లగడ్డకు నల్లబడిందంటే తెల్లగడ్డ ఇసమా? మీరందరూ జరి కొనేటోళ్లే. ఏ జరి ఎండిదో, ఏది కాదో మీకు తెలిసినంత ఎవురికి తెలుసు? చీరలో పెట్టేటప్పుడు తెలిసింది, కూరలో ఏసేటప్పుడు ఎట్ల మర్చిపోతిరి?"

పెద్దవాళ్లలో ఒకరిద్దరు నేల చూపులు చూశారు. ఒకాయన మాత్రం, "అయితే ఆ పోగు ఇచ్చిందెవరమ్మా? మీ ఇంట్లోంచే గదా పోయింది?" అన్నాడు.

నేను చెప్పలేదు. వదిన నోరు తెరవబోయి మూసుకుంది. మా ఆయన నా వైపు, పెళ్లయిన ఏడు చూసిన అదే చూపు చూశాడు. మూలన అత్త తిప్పుతున్న కండెల రాట్నం ఆగింది.

"ఏం చూస్తాండారు ఆ పిల్లను? నేనిచ్చినా," అంది అత్త. "మా అత్త నాకు చెప్పింది, నేను ఈయమ్మికి చెప్పినా. మంచికే చెప్పినా. ఇసమని నాకేం తెలుసు?"

అంతవరకు ఆమె మీద ఉన్న కోపం ఒక్కసారిగా ఎటుపోయిందో తెలియదు. నాకు ఏడుపొచ్చింది. నా తప్పు కూడా అక్కడే చెప్పేశాను. ఈ జరి పరీక్ష తప్పని నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసునని, నా కూర కాలువ పాలైన రోజే చెప్పి ఉండాల్సిందని, చెప్పి ఉంటే వదిన వాళ్లు ఆస్పత్రి మెట్లెక్కేవాళ్లు కాదని. మా ఆయన తల దించుకున్నాడు.

పెద్దాయన అసలు పని మరవలేదు. "సరే, అందరిదీ ఉంది తప్పు. మగ్గం మీద చెయ్యి పెట్టు, మాట చెప్పు, లేస్తాము."

లేచి మగ్గం దగ్గరికి పోయి, సగం నేసిన చీర పక్కన దూలం మీద చెయ్యి పెట్టాను.

"ఉరుములు ఉరిమిన మూడోనాడు కొండకు పోతా. ఇంక ముందు దొంగగా పోను, చెప్పే పోతా. నాతో ఎవరొస్తే వాళ్లను తీసకపోతా. నాకు తెల్దన్నేది తెల్దనే చెప్తా. నేను చూసి చెప్పనిది ఈ వీధిలో ఎవరూ తినొద్దు. ఇదే నా మాట."

పెద్దాయన కండువా దులుపుకుని లేచాడు. ఆడవాళ్లు మగ్గం మీద ఇట్లాంటి మాటలు చెప్పే కాలం వచ్చిందని గొణుక్కుంటూ గడప దాటాడు. ఆయన వెనక ఇద్దరు పోయారు. మిగిలినవాళ్లు కాఫీ తాగి పోయారు. ఆ మగ్గం మీది చీర బ్రహ్మాండంగా దిగింది. అది కూడా రాసి పెడుతున్నాను.

తర్వాతి ఉరుముల వాన పదిహేను రోజులకు పడింది. మూడోనాడు స్టేషన్‌కు నేను ఒక్కదాన్నే పోతాననుకున్నాను. వదిన వచ్చి నిలబడి ఉంది. ఇంక జన్మలో తిననని, చూడ్డానికి మాత్రమే వస్తున్నానని చెప్పింది. మోకాళ్ల నొప్పులని దారిపొడుగునా తిడుతూ అత్త వచ్చింది. పెనుకొండలో ఆడబిడ్డ కలిసింది. పొద్దున ఎండ ఇంకా ఎక్కలేదు. బండల పక్కన, తంగేడు పొదల నడుమ, పుట్ట మీద గొడుగులు లేచి ఉన్నాయి.

ముగ్గురూ ఎక్కడెక్కడని వెతుకుతున్నారు. అవ్వ గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పద్దు, మీ అమ్మకు గూడా. వేలు చూపిస్తే మళ్లేడు లేవదు. అవ్వ చెప్పిన ప్రతి మాటనూ నేను నమ్మాను, ఆమె చెప్పిన వేరూ కడియమూ లేకపోతే ఆ ఆదివారం నేను గెలిచేదాన్ని కాదు. కానీ ఆ గుట్టు కూడా ఆమెదే. గుట్టు దాచి నేను నోరు మూసుకున్న చోటుకే జరిపోగు వచ్చి కూర్చుంది. క్షమించు అవ్వా అనుకున్నాను. చెయ్యెత్తి, వేలు చాచి, "ఇదో, ఈడ ఉండాయి," అని చూపించాను.

పక్కనుంచి తవ్వి, వేరు తెగకుండా తీసి అత్త అరచేతిలో పెట్టాను. ఆమె ఆ వేరును పోగును సాగదీసినట్టు రెండు వేళ్లతో సాగదీసి చూసింది.

ఈ ఏడు తొలి ఉరుములకు అత్త, తన కూతురిని చూసొస్తానని, రెండు రోజుల ముందే పెనుకొండకు వెళ్లింది. నేను మాట తప్పకుండా మూడోనాడు రైలెక్కాను. వదినకు కుదరలేదు. స్టేషన్ నుంచి కొండ దాకా గబగబా నడిచాను. వేలు చూపించినదాన్ని నేను. లేవకపోతే?

లేచాయి. కానీ నాకంటే ముందే ఎవరో వచ్చి పోయారు. పుట్ట పక్కన పుల్లతో నిదానంగా తవ్విన గుంతలు. ఒక్క వేరు కూడా తెగి లోపల మిగల్లేదు. బాగా విచ్చుకున్న గొడుగులు నాలుగు మాత్రం అలాగే వదిలేసి ఉన్నాయి.

ఆడబిడ్డ ఇంటికి పోయేసరికి వీధిలోకే వాసన వస్తోంది. అత్త పొయ్యి ముందు పీట మీద కూర్చుని గరిటె తిప్పుతోంది. కాళ్లకు ఎర్రమట్టి ఇంకా ఆరలేదు. గిన్నెలోకి తొంగి చూశాను. జరిపోగు లేదు.

"యాడివని అడగద్దు. చెప్పను," అంది అత్త, నా వైపు తిరగకుండానే.

"నా పుట్టను నాకే దాస్తాండావా అత్తా?"

"యేలు చూపిచ్చినంక నీది ఎట్లయితాది? ముందర లేచినోళ్లది," అని గరిటె నా చేతికిచ్చింది. "ఉప్పు చూడు."